కల్వర్టు దగ్గర ఎనిమిది నిమిషాలు

"నువ్వు తాగలేదు. సరే. మరి ఊదే మిషన్ డెబ్బై ఒకటి ఎందుకు చూపించింది?"

నిత్యానందం ఈ ప్రశ్న అడగడం నాలుగోసారి. ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న వినయ్ కుమార్ నాలుగోసారి కూడా నేలచూపులే చూసినాడు.

పొద్దున తొమ్మిదిన్నర. గిద్దలూరు కోర్టు ఎదురుగా లాయర్ అరుణ ఆఫీసు. మధ్యాహ్నం మూడింటికి వినయ్ కేసు పిలుస్తారు. తాగి కారు నడిపి కల్వర్టుకు గుద్దినాడని కేసు. వినేదానికి చిన్నదే. కానీ వినయ్ మిలిటరీలో నాయక్. జోధ్‌పూర్‌లో ఉద్యోగం, సర్వీసు పద్నాలుగేళ్ళ ఏడు నెలలు. ఇంకో ఐదు నెలలు నిండితే బతికినన్నాళ్ళూ పెన్షన్. ఈలోపల కోర్టులో శిక్ష పడిందంటే ఆ కాగితం నేరుగా యూనిట్‌కు పోతుంది, వినయ్ ఉత్త చేతులతో ఇంటికొస్తాడు. ఆదివారంతో సెలవు అయిపోతుంది.

నిత్యానందం ముప్పై నాలుగేళ్ళు పోలీసు ఉద్యోగం చేసి హెడ్ కానిస్టేబుల్‌గా దిగిపోయినాడు. ఇప్పుడు అరుణ కేసుల్లో నిజానిజాలు తవ్వి తెచ్చేది ఆయనే. పనిలో గట్టివాడు, కాదనేదానికి లేదు. ఒక్కటే అవలక్షణం, నోట్లో నువ్వుగింజ నానదు. ఆ మాట ఆయన భార్య రోజుకు రెండుసార్లు అంటుంది. ఈరోజు పొద్దు వాలకముందే తనను తానే ఆ మాట అనుకోవాల్సి వస్తుందని పాపం ఆయనకు తెలీదు.

"మళ్ళా మొదట్నుంచి చెప్పు," అన్నాడు.

"మేకలు అడ్డమొచ్చినాయి సార్. పక్కకు తిప్పినా. కల్వర్టుకు తగిలింది. తల స్టీరింగ్‌కు కొట్టుకుంది."

"టైము?"

"మూడూ యాభై. అప్పుడే చూసుకున్నా."

"తర్వాత?"

"కళ్ళు మూతలు పడినాయి. ఎవరో నోట్లో పోస్తన్నారు. నీళ్ళనుకోని మింగినా. నోరు, గొంతు మండిపోయింది. మళ్ళా తెలివొచ్చేసరికి పోలీసోళ్ళు ఊదమంటన్నారు."

"పోసిందెవరు?"

"చూడలేదు."

అన్ని జవాబులకూ తడుముకున్నవాడు ఈ ఒక్కదానికి మాత్రం టక్కున చెప్పినాడు. నిత్యానందానికి అది నచ్చలేదు. అబద్ధం చెప్పేవాళ్ళను ఆయన వేలమందిని చూసినాడు. ఎవర్నో కాపాడాలని చెప్పేవాళ్ళే ఇంత తొందరగా చెప్తారు.

"ఎవర్ని దాస్తన్నావు నాయనా?"

వినయ్ తల అడ్డంగా ఊపినాడు. "మేడమ్, నేను ఒప్పుకుంటా," అన్నాడు అరుణ వైపు తిరిగి.

అప్పుడే జీవరత్నం టీ ఫ్లాస్కు పట్టుకొని లోపలికొచ్చినాడు. రిటైరైన హవల్దార్, వినయ్ వాళ్ళ ఊరాయన. చచ్చిపోయిన వినయ్ తండ్రితో కలిసి సర్వీసు చేసినవాడు. వినయ్‌కు బెయిలు వచ్చిందంటే జామీను సంతకం పెట్టిన ఈయన చలవే. పిల్లోడు ఎక్కడికి పోయినా బస్సులో పక్కసీట్లో ఈయనే.

"ఒప్పుకుంటేనే మంచిది మేడమ్," అన్నాడు గ్లాసుల్లో టీ పోస్తా. "మా ఊర్లో నలుగురు ఇట్లనే ఫైను కట్టి సాయంత్రానికి ఇంటికొచ్చినారు. ఇంత రచ్చ ఎందుకు?"

"ఆ నలుగురి మీద కమాండింగ్ ఆఫీసర్ లేడు బాబాయ్," అంది అరుణ. "వాళ్ళకది ఫైను. వీడికి పద్నాలుగేళ్ళు బూడిదలో పోసిన పన్నీరు. మీరు మిలిటరీ మనిషై ఉండి ఈ మాట అంటారేంది?"

జీవరత్నం నవ్వి గ్లాసులు అందించినాడు. నిత్యానందం టీ ఒక్క గుక్కలో తాగి లేచినాడు. "మూడింటి దాకా నువ్వు ఏదీ ఒప్పుకోవద్దు," అని వినయ్ భుజం మీద చెయ్యి వేసినాడు. పిల్లోడు భయపడేది కోర్టుకు కాదని ఆయనకు గట్టిగా అనిపించింది.

*

పదకొండు కావస్తుండగా నిత్యానందం స్టేషన్‌లో ఎస్సై రాజేష్ ఎదుట నిలబడినాడు. కూర్చోమని రాజేష్ అనలేదు. ప్రొబేషన్‌లో ఇదే రాజేష్‌కు కేస్ డైరీ రాయడం నేర్పింది నిత్యానందమే. కాలం అట్లాంటిది.

"సీసా చూపించాల ఎస్సై గారూ."

"కోర్టు ఆర్డర్ ఉందా?"

నిత్యానందం జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టినాడు. రాజేష్ రెండుసార్లు చదివి, కానిస్టేబుల్‌కు సైగ చేసినాడు. ప్లాస్టిక్ కవర్లో రమ్ము సీసా వచ్చింది. పావువంతు ఖాళీ. లేబుల్ మీద 'సైనికులకు మాత్రమే' అని ఇంగ్లీషులో అచ్చు.

"మిలిటరీ సరుకు. మిలిటరీ మనిషి. డ్రైవర్ సీటు కింద దొరికింది," అన్నాడు రాజేష్. "ఇంకేం కావాలన్నా?"

నిత్యానందం కళ్ళజోడు నుదుటి మీదికి జరిపి, కవర్‌ను కిటికీ వెలుగులో తిప్పినాడు. మూత మీద అతికించిన స్టిక్కర్ దగ్గర ఆయన వేలు ఆగింది.

"ఇది మన రాష్ట్రం ఎక్సైజ్ స్టిక్కర్. జోధ్‌పూర్ నుంచి వచ్చినోడి సీసాకు ఇదెట్ల అంటుకుంది?"

"ఇక్కడి మిలిటరీ క్యాంటీన్‌లో కొనుంటాడు."

"కార్డు గీకితేగానీ ఇయ్యరు. వాని కార్డు లెక్క మేడమ్ తెప్పించింది. ఈ సెలవులో వాడు క్యాంటీన్‌లో అగ్గిపెట్టె కూడా కొనలేదు."

రాజేష్ ముఖంలో ఒక్క క్షణం ఏదో కదిలింది. వెంటనే సర్దుకున్నాడు. "అయితే ఎవరో ఇచ్చుంటారు. మిలిటరీ సరుకంటే ఊరంతా పంచుకునేదే గదా. ఇచ్చినోడితో నాకేం పని? తాగినోడు దొరికినాడు."

"మీకు ఫోన్ వచ్చిందెప్పుడు?"

"మూడూ యాభై ఎనిమిదికి. పేరు చెప్పలేదు."

"ఏమన్నాడు?"

"మిలిటరీవాడు తాగి కల్వర్టుకు గుద్దినాడు అన్నాడు."

"తాగినాడని రోడ్డు మీద పోయేవానికి ఎట్ల తెలిసింది? మిలిటరీవాడని ఎట్ల తెలిసింది? ఆరోజు వాడు యూనిఫాంలో లేడు గదా."

నిత్యానందం, వినయ్ ఊదిన స్లిప్ జిరాక్సు తీసి వేలితో చూపించినాడు. "నాలుగూ ఆరు. మీవాళ్ళు పక్క క్రాసులోనే చెకింగ్‌లో ఉన్నారు, వెంటనే చేరినారు. ఫోన్‌కూ ఊదడానికీ మధ్య ఎనిమిది నిమిషాలు. నోట్లో మందు పడినాక పదిహేను నిమిషాలు ఆగి ఊదించాల. ఆగకపోతే రక్తంలో లేనిది కూడా మిషన్ చూపిస్తాది. ఆగలేదు. పుక్కిలించమని గుక్కెడు నీళ్ళన్నా ఇయ్యలేదు. ఆస్పత్రిలో రక్తం కూడా తీయించలేదు, వాసన వస్తాందని రాయించుకొని వచ్చేసినారు."

"నాకు పాఠాలు చెప్పొద్దు," అన్నాడు రాజేష్. గొంతు పెంచలేదు, కానీ చేతిలో పెన్ను బల్ల మీద పెట్టేసినాడు. "పోయిన నెల తాగిన ట్రాక్టరోడు ఒక బిడ్డ మీదికి ఎక్కించినాడు. ఎత్తింది నేను. ఈ చేతుల్తోనే ఎత్తినా. మీరు ఖాకీ విప్పి మూడేళ్ళైంది, ఇప్పుడు తాగుబోతులకు కాపలా కాస్తన్నారు. సిగ్గుగా లేదా అన్నా?"

మాట సూటిగా తగిలింది. నిత్యానందం సీసా కవర్‌ను మెల్లగా బల్ల మీద పెట్టినాడు. "తాగినోడైతే నేనే నీకు సాక్షిగా వస్తా రాజేష్. తాగించినోడు వేరే ఉన్నాడు. మూడింటి లోపల పట్టుకోకపోతే ఒక కుటుంబం కూలిపోతాది."

బయటికొచ్చి బండి స్టాండు తీస్తుండగా ఫోన్ మోగింది. జీవరత్నం.

"ఏమన్నా దొరికిందా అన్నా?"

చెప్పకూడదని ఎవరికి తెలీదు? కానీ రాజేష్ అన్న మాటకు ఆయన లోపల ఉడికిపోతన్నాడు, తన గొప్ప ఎవరికో ఒకరికి చెప్పుకోవాల. "దొరక్కేం? సీసా ఇక్కడి క్యాంటీన్‌దే జీవరత్నం. స్టిక్కర్ పట్టిచ్చింది. ఎవరో పిల్లోని నోట్లో పోసి, సీసా కార్లో పెట్టినారు. ఇప్పుడు కల్వర్టు దగ్గరికే పోతన్నా. చూసినవాళ్ళు ఒక్కరన్నా ఉండకపోరు."

"దేవునికి స్తోత్రం," అన్నాడు జీవరత్నం. "పోయి రాన్నా. పిల్లోని సంగతి నేను చూసుకుంటా."

*

అర్ధవీడు పోయే దారిలో, మలుపు దాటినాక ఉంది ఆ కల్వర్టు. పదీపన్నెండు అడుగుల కట్ట, ఒక మూల పెచ్చు లేచిపోయింది. తొమ్మిది రోజులుగా వాన లేదు కాబట్టి టైరు గీతలు ఇంకా ఆనవాలుగా ఉన్నాయి. నిత్యానందం అడుగులు కొలిచినాడు. కల్వర్టుకు నలభై అడుగుల ముందే బ్రేకు పడింది. గీత తిన్నగా వచ్చి, ఒక్కచోట ఎడమకు విరిగింది. తాగినోడైతే ఇంత ముందు తేరుకోడు, ఇంత తిన్నగా ఆపడు. ఏదో ప్రాణిని తప్పించబోయి తాను తగులుకున్నాడు.

రోడ్డు వారగా మేకపెంటికలు ఎండిపోయి ఉన్నాయి. ఆ జాడ పట్టుకొని పోతే అర ఫర్లాంగు దూరంలో కంపచెట్ల కింద మేకలు, వాటి దగ్గర ఒక ఆడమనిషి. ఖాకీ నడక చూడగానే ఆమె లేచి నిలబడింది.

"పేరేందమ్మా?"

"సుబ్బులు."

"పోయిన బుధవారం కారు గుద్దినప్పుడు ఇక్కడే ఉన్నావు గదా?"

"లేను సామీ. ఆరోజు మేకల్ని తోలలేదు."

"మేకలు ఉపవాసం ఉన్నాయా తల్లీ ఆరోజు?"

సుబ్బులు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు దాచుకునేదానికి కాదు, ఏడుపు దాచుకునేదానికి. నిత్యానందం అక్కడే నేలమీద గొంతుక్కూర్చున్నాడు. తొందర లోపల తరుముతా ఉంది, ఒంటిగంట దాటింది. అయినా మేకలు కాసేవాళ్ళను తొందరపెడితే ఒక్క మాటా రాదని ఆయనకు తెలుసు.

"నీ మీద కేసు లేదు. ఆ పిల్లోనికి ఉద్యోగం పోయేట్టుంది. వాడు మేకల్ని తప్పించబోయే కల్వర్టుకు తగిలినాడు."

"నా మేకలే సామీ అడ్డం పోయింది," అంది చివరికి. "కారు ఖర్చంతా నా నెత్తిన పడుతుందని చెప్పినాడు ఆయప్ప. మేకలన్నీ అమ్మినా తీరదన్నాడు. అందుకే నోరు మూసుకున్నా."

"ఎవరా మనిషి?"

"తెల్ల జీపులో వచ్చినాడు, కారు ఎనకాలే. తలకు తువ్వాల చుట్టుకున్నాడు, ముఖం నేను సరిగ్గా చూడలా. జీపు నిండా నూనె డబ్బాలు, సబ్బుల పెట్టెలు. పిల్లోడు తెలివిలో లేడు. ఆయప్ప సీసా మూత తీసి నోట్లో పోసినాడు. ఏందది అంటే, షాక్ తగలకుండా మందు పోస్తన్నా అన్నాడు. మా పక్క ఎవరన్నా పడిపోతే పోస్తారు గదా, నిజమే అనుకున్నా. తర్వాత సీసా కార్లో పెట్టి, ఫోన్ చేసుకుంటా పోయినాడు. పోతా పోతా నాకు ఇది ఇచ్చినాడు."

చద్దిమూట విప్పి, గుడ్డలో చుట్టిన సబ్బు బిళ్ళ తీసింది. కాగితం కూడా చింపలేదు. "మంచి వాసన వస్తాంది. నా బిడ్డ కాన్పుకొచ్చినప్పుడు ఇద్దామని దాచినా."

నిత్యానందం తిప్పి చూసినాడు. కాగితం మూల మీద చిన్న అక్షరాల్లో 'సైనికులకు మాత్రమే'. ఒక మనిషి నోరు మూసేదానికి ఒక సబ్బు బిళ్ళ సరిపోయింది.

"ఇది నాకు ఇస్తావా తల్లీ? నీ బిడ్డకు నేను రెండు కొనిస్తా."

*

వినయ్ వాళ్ళ ఇల్లు అక్కడికి ఆరు కిలోమీటర్లు. ఆరోజు వినయ్ ఏ పని మీద బయలుదేరినాడో ఎవరూ తేల్చి చెప్పలేదు. తల్లి దయామణిని అడిగితే తెలుస్తుందని నిత్యానందం బండి అటు తిప్పినాడు. గడప దగ్గరికి పోయేసరికి రెండూ పది.

"వందనాలన్నా," అంటా ఎదురొచ్చింది దయామణి. యాభై దాటిన మనిషి. గోడ మీద ఒక పక్క బైబిలు వాక్యం రాసిన క్యాలెండర్, ఇంకో పక్క యూనిఫాంలో భర్త ఏసుపాదం ఫోటో. సర్వీసులో ఉండగానే పోయినాడాయన. "మా వాని కేసు ఏమైంది? పొద్దున్నుంచి మోకాళ్ళ మీదనే ఉన్నా. రెండు మెతుకులు తిని చెప్పన్నా, ముఖం పీక్కుపోయింది నీకు."

వద్దనే ఓపిక కూడా లేదు ఆయనకు. చెయ్యి కడుక్కునేదానికి పెరట్లో తొట్టి దగ్గరికి పోయినాడు. రాయి మీదున్న సబ్బు చేతిలోకి తీసుకొని, నీళ్ళు పోసుకోబోయి ఆగిపోయినాడు. వాసన. జేబులోని బిళ్ళ తీసి పక్కన పెట్టి చూసినాడు. అదే రంగు, అదే ముద్ర.

"ఈ సబ్బు ఎక్కడిది చెల్లెమ్మా?"

"క్యాంటీన్‌ది అన్నా. ఆయన పేరు మీద నాకు కార్డు ఉంది గదా. అంత దూరం నేనేడ పోతా? మా జీవరత్నం తెచ్చిస్తాడు నెలనెలా."

నిత్యానందం సబ్బును మళ్ళా రాయి మీద పెట్టేసినాడు.

"కార్డు నీ దగ్గర ఉందా?"

"ఆయన దగ్గరే ఉంటాది. నాది ఒక్కటే కాదు, చుట్టుపక్కల పదకొండుమంది విధవరాళ్ళవి ఆయన దగ్గరే. మాకు సరుకులు ఇస్తాడు, మందు కోటా ఆయన తీసుకుంటాడు. జీపు చార్జీ అడగడు. మేము మందు ఏం చేసుకుంటామన్నా? వద్దన్నది ఇస్తే అవసరమైంది వస్తాందని..."

"జీపు ఉందా ఆయనకు? మేము ఎప్పుడూ బస్సులోనే చూసినామే."

"ఎందుకు లేదు, తెల్లది. తొమ్మిది పది రోజులుగా గిద్దలూరులో షెడ్డులో పెట్టినాడు. రిపేరంట."

నిత్యానందం అరుగు మీద కూలబడినాడు. ఒక్కొక్కటీ వచ్చి దాని చోట కూర్చుంది. "బుధవారం వినయ్ ఎక్కడికి పోతన్నాడమ్మా? నిజం చెప్పు. నీ కొడుకు బతుకు దీని మీదనే ఉంది."

దయామణి చేతులు నలుపుకుంది. "ఈసారి సెలవులో బాప్తిస్మం తీసుకున్నాడు. సీసాలు తేలేదు. ఊర్లో అందరూ మిలిటరీ సరుకేదిరా అని ఎగతాళి చేసినారు, నవ్వి ఊరుకున్నాడు. కార్డు సంగతి తెలిసి మాత్రం అన్నం తినలేదు. నాయన పేరు మీద సారా వ్యాపారం జరుగుతాందా అన్నాడు. జీవరత్నంతో మాటా మాటా అయింది. బుధవారం క్యాంటీన్‌లో కాగితం ఇచ్చేదానికి బయలుదేరినాడు, కార్డులన్నీ ఆపమని."

"ఇంత సంగతి తొమ్మిది రోజులుగా ఎవరికీ చెప్పలేదేంది?"

"జీవరత్నం చెప్పొద్దన్నాడు. కోటా సంగతి బయటపడితే నా పెన్షన్ కూడా ఆపుతారంట, సంఘంలో తలెత్తుకోలేనంట. వానికీ అదే చెప్పినాడు." ఆమె నిత్యానందం చెయ్యి పట్టుకుంది. "అన్నా, వానికి మందు పోసిందెవరో వానికి తెలుసా? తెలిసి, నా కోసం నోరు మూసుకున్నాడా?"

నిత్యానందం తల ఊపినాడు. దయామణి లోపలికి పోయి, చెప్పులేసుకొని, భర్త ఫోటో ముందు ఒక్క క్షణం నిలబడి వచ్చింది. "పద. జడ్జి గారి ముందర నా నోటితో నేనే చెప్తా. పెన్షన్ పోతే కూలికి పోతా. వానికి పోకూడదు."

ఆయన అప్పటికే అరుణకు ఫోన్ కలిపినాడు. "మేడమ్, వినయ్‌ని జీవరత్నం దగ్గర్నుంచి పక్కకు తీసుకోండి. వెంటనే."

"ఎక్కడి నుంచి తీసుకోనన్నా?" అరుణ గొంతులో కంగారు. "పదకొండున్నరకే అన్నానికని తీసుకుపోయినాడు. తెల్ల జీపు ఒకటి వచ్చింది, దాంట్లో. ఇద్దరి ఫోన్లూ ఆఫ్. ఇప్పుడు రెండున్నర. మూడింటికి పిలిచినప్పుడు లేకపోతే వారంట్ వేస్తారు. పారిపోయినాడని యూనిట్‌కు రాస్తారు."

పదకొండున్నర. స్టేషన్ బయట తాను ఫోన్‌లో గొప్పలు పోయిన కాసేపటికే. వెంటనే రాజేష్ నంబర్ కొట్టినాడు. ఎత్తలేదు. మళ్ళా కొట్టినాడు, ఎత్తలేదు. తెల్ల జీపు, జీవరత్నం, పిల్లోని ప్రాణం మీదికి వచ్చింది అని వాయిస్ మెసేజ్ పెట్టి, బండి కిక్కు కొట్టినాడు.

దయామణి వెనక కూర్చోబోతుండగా ఆమె చేతిలో ఫోన్ మోగింది. వినయ్ నంబర్. స్పీకర్ నొక్కింది.

"అమ్మా..." మాట ముద్దగా వస్తాంది. "అమ్మా, నేను తాగలేదమ్మా. కూల్‌డ్రింకు అన్నాడు. నోరు మండతాంది. కల్వర్టు దగ్గర మండినట్లే."

"ఎక్కడున్నావు నాయనా?"

"ఘాట్ రోడ్డు... మలుపులు. బాబాయి దిగినాడు. నన్ను స్టీరింగ్ ముందర కూర్చోబెట్టినాడు. ఎదురుగా లోయ ఉందమ్మా. కాళ్ళు రావడం లేదమ్మా..."

నిత్యానందం ఫోన్ లాక్కున్నాడు. "వినయ్, తాళం తీసెయ్. తీసి బయటికి పారెయ్. వినపడతాందా?"

అవతల ఏదో పెనుగులాట. జీపు ఇంజను ఆగకుండా గురగురమంటా ఉంది. తర్వాత తలుపు వేసిన చప్పుడు, ఎప్పుడూ విన్న నెమ్మదైన గొంతు.

"వందనాలన్నా. పిల్లోడు ఫైను కట్టుకొని ఇంటికి పోతాడనే అనుకున్నా. స్టిక్కర్ సంగతి నువ్వు నాకు చెప్పకపోయుంటే అట్లనే ఇంటికి పోయేవాడు."